ఓడ ఎక్కని సరుకు: నానక్‌రామ్‌గూడ, భారత ఎగుమతి విధానం

నానక్‌రామ్‌గూడ రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలో, గోల్కొండ కోటకు పడమటి వైపున, గచ్చిబౌలికి ఆనుకుని ఉన్న పాత ఊరు. నేటి హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు గుండెకాయ. పాతవాళ్లకు ఇది రంగనాథస్వామి గుడి ఉన్న ఊరు, సినిమావాళ్లకు రామానాయుడు స్టూడియో ఉన్న ఊరు. ఇక్కడి నుంచి ఇప్పుడు విదేశాలకు అమ్ముడుపోయే సరుకు లారీ ఎక్కదు, ఏ రేవుకూ చేరదు. తీగ మీదుగా వెళుతుంది, లేదా ఆ పని తెలిసిన మనిషితో పాటు విమానం ఎక్కుతుంది. వర్ధమాన దేశం తన విదేశీ వాణిజ్యాన్ని ఎలా దిద్దుకుంటూ వచ్చిందో తెలుసుకోవాలంటే ఈ ఊరి భవనాలను ఒక్కొక్కటిగా చూస్తూ పోవచ్చు. ప్రతి దాని వెనకా ఆ కాలపు వాణిజ్య నిబంధన ఒకటి ఉంది.

ఎగుమతి ఈ నేలకు కొత్త కాదు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ వజ్రాలు, తెలుగు సీమ నేత బట్టలు మచిలీపట్నం రేవు మీదుగా సముద్రాలు దాటాయి. ఆ వ్యాపారం కోసమే ఇంగ్లీషువాళ్లు 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. వాళ్లకు కొద్ది ఏళ్ల ముందే డచ్చివాళ్లు వచ్చి కూర్చున్నారు. అప్పటి సరుకును తూకం వేసి, మూర వేసి సుంకం కట్టించుకునేవారు. ఇప్పటి సరుకును ఎలా కొలవాలన్నదే ఈ వ్యాసంలో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న.

తలుపులు మూసిన కాలం

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత నాలుగు దశాబ్దాల పాటు భారత వాణిజ్య విధానమంటే ప్రధానంగా దిగుమతి విధానమే. డాలర్లు తక్కువ కాబట్టి ఏది తెప్పించుకోవాలన్నా లైసెన్స్ కావాలి. ఎగుమతి చేసేవాడికి నగదు సాయం, దిగుమతి లైసెన్సుల్లో కొంత వాటా ఇచ్చి సరిపెట్టేవారు. 1965లో కాండ్లాలో ఆసియాలోనే తొలి ఎగుమతి ప్రాసెసింగ్ జోన్ తెరిచారు గానీ, దేశమంతా మూసి ఉండగా ఒక మూల కిటికీ తెరిస్తే వచ్చే గాలి ఎంత? 1966 జూన్ 6న డాలరు ధరను 4.76 రూపాయల నుంచి 7.50కి పెంచినా పెద్ద మార్పు రాలేదు. 1948లో ప్రపంచ ఎగుమతుల్లో 2 శాతం పైచిలుకు ఉన్న మన వాటా 1980ల నాటికి అర శాతానికి పడిపోయింది.

సాఫ్ట్‌వేర్ కూడా ఈ చట్రంలోనే పుట్టింది. కంప్యూటర్ తెప్పించుకోవాలంటే, దాని ఖరీదుకు మించి సాఫ్ట్‌వేర్ ఎగుమతి చేస్తామని ప్రభుత్వానికి హామీ రాసివ్వాలి. యంత్రమే దొరకనప్పుడు చేయగలిగింది ఒకటే: మనుషులను అమెరికా పంపి, అక్కడి యంత్రాల మీద అక్కడే పని చేయించడం. తర్వాతి రోజుల్లో బాడీ షాపింగ్ అని చిన్నచూపు చూసిన ఆ పద్ధతికి కారణం కంపెనీల దురాశ కంటే మన దిగుమతి నిబంధనలే ఎక్కువ అనిపిస్తుంది. 1984 కంప్యూటర్ విధానం, 1986 సాఫ్ట్‌వేర్ విధానం ఆ ముడిని కొంత వదులు చేశాయి.

1991

1991 జనవరిలో దేశం దగ్గరున్న విదేశీ మారక ద్రవ్యం సుమారు 120 కోట్ల డాలర్లు. అది రెండు, మూడు వారాల దిగుమతులకే సరిపోతుంది. జూన్‌లో ప్రధాని అయిన పీవీ నరసింహారావు, ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ జూలై 1న ఒకసారి, 3న ఇంకోసారి రూపాయి విలువ తగ్గించారు. అదే నెలలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టింది. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టడమంటే ఏమిటో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వాణిజ్య మంత్రి పి. చిదంబరం ఎగుమతులకు ఇస్తున్న నగదు సాయాన్ని ఎత్తేశారు. దాని బదులు ఎగుమతి విలువలో 30 శాతం మేర దిగుమతి చేసుకునే హక్కునిచ్చే ఎగ్జిమ్ స్క్రిప్పులు ఇచ్చారు. 1992 మార్చిలో రెండు మారకపు రేట్ల పద్ధతి వచ్చింది, 1993 మార్చిలో ఆ రెండూ ఒక్కటయ్యాయి. 1994 ఆగస్టుకు వాణిజ్య చెల్లింపుల వరకు రూపాయిని స్వేచ్ఛగా మార్చుకునే వీలు కలిగింది.

ఈ క్రమాన్ని వివరంగా చెప్పడానికి కారణముంది. సాఫ్ట్‌వేర్‌కు దక్కిన ప్రత్యేక రాయితీల గురించి అందరూ మాట్లాడతారు. కానీ అతి పెద్ద ప్రోత్సాహకం సరైన మారకపు రేటు. డాలర్లలో సంపాదించి రూపాయల్లో జీతాలిచ్చే వ్యాపారానికి అంతకు మించిన సబ్సిడీ లేదు.

మైత్రీవనం నుంచి మాదాపూర్‌కు

1991 జూన్‌లోనే, ఆ సంక్షోభం నడుమ, సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా (ఎస్‌టీపీఐ) సొసైటీగా రిజిస్టర్ అయింది. పథకం సాదాసీదాగా ఉండేది. అందులో చేరిన యూనిట్‌కు కంప్యూటర్ల మీద దిగుమతి సుంకం లేదు, లాభాల మీద ఆదాయపు పన్ను లేదు, నూటికి నూరు శాతం విదేశీ యాజమాన్యానికి అడ్డు లేదు. అన్నిటికంటే విలువైనది ఉపగ్రహ లింకు. సెకనుకు 64 కిలోబిట్ల వేగం ఇప్పుడు ఫోనులో ఒక ఫొటో పంపడానికి కూడా చాలదు. కానీ టెలిఫోన్ కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే దేశంలో ఆ లింకే రేవు, అదే ఓడ.

హైదరాబాద్‌లో ఎస్‌టీపీఐ తొలినాళ్లలో అమీర్‌పేట మైత్రీవనంలో నడిచింది. తర్వాత ఆ భవనం చుట్టూ కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు పుట్టగొడుగుల్లా లేచాయి. కోనసీమ నుంచీ ఖమ్మం నుంచీ వచ్చిన డిగ్రీ కుర్రాళ్లు హాస్టల్ గదుల్లో ఉంటూ జావా, ఒరాకిల్ నేర్చుకున్న చోటు అదే. ఎగుమతి విధాన పత్రాల్లో అమీర్‌పేట పేరు కనపడదు. అయినా హైదరాబాద్ ఎగుమతి పరిశ్రమకు కావలసిన మనుషులను తక్కువ ఫీజుకు తయారు చేసింది ఆ గల్లీలే.

అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన వంతుగా భవనమూ భూమీ ఇచ్చింది. రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ (ఏపీఐఐసీ), ఎల్ అండ్ టీ కలిసి మాదాపూర్‌లో కట్టిన పదంతస్తుల సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు బిల్ గేట్స్‌ను కలిసి ఒప్పించిన ఫలితంగా మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ కూడా అదే ఏడు హైదరాబాద్‌లో మొదలైంది. ట్రిపుల్ ఐటీ తెరిచిందీ అప్పుడే. 2000 సంవత్సరంతో కంప్యూటర్ తేదీలకు వచ్చే చిక్కును (వై2కే) సరిచేసే పని రోజుకు రెండు షిఫ్టులుగా సాగుతున్న కాలం అది. గచ్చిబౌలి దాటి పడమటికి నడిచిన నగరం నానక్‌రామ్‌గూడకు చేరడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 2008 నవంబర్‌లో గచ్చిబౌలి-శంషాబాద్ మధ్య ఔటర్ రింగ్ రోడ్డు తెరుచుకున్నాక దూరమనే మాట పోయింది.

ఇక్కడ ఒక కాగితం గురించి చెప్పుకోవాలి. రొయ్యలు ఎగుమతి చేస్తే విశాఖ రేవులో కస్టమ్స్ అధికారి పెట్టె తెరిచి చూసి షిప్పింగ్ బిల్లు మీద సంతకం పెడతాడు. సాఫ్ట్‌వేర్‌కు తెరవడానికి పెట్టె లేదు. అందుకని రిజర్వు బ్యాంకు సాఫ్టెక్స్ అనే ఫారం పెట్టింది. కంపెనీ తన ఇన్‌వాయిస్, ఒప్పందం జోడించి ఇస్తే ఎస్‌టీపీఐ అధికారి, ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్)లో అయితే అక్కడి అధికారి, ఆ విలువను ధ్రువీకరిస్తాడు. తర్వాత గడువులోగా అంత డబ్బూ బ్యాంకులోకి వచ్చిందా లేదా అని సరిపోల్చుకుంటారు. కంటికి కనపడని సరుకుకు కట్టిన దారమిది. హైదరాబాద్ నుంచి బయటికి పోయిన ప్రతి ప్రాజెక్టూ ఎక్కడో ఒక సాఫ్టెక్స్ ఫారం మీద ఒక అంకెగా మిగిలింది.

గేటు లోపలి విదేశం

నానక్‌రామ్‌గూడ రూపురేఖలు మార్చింది మాత్రం 2005 నాటి ప్రత్యేక ఆర్థిక మండళ్ల చట్టం. 2006 ఫిబ్రవరిలో నిబంధనలు వచ్చాయి. సెజ్ యూనిట్‌కు ఎగుమతి లాభాల మీద మొదటి ఐదేళ్లు పూర్తిగా, తర్వాతి ఐదేళ్లు సగం, ఆ పైన ఐదేళ్లు లాభాన్ని తిరిగి పెట్టుబడి పెడితే సగం వరకు పన్ను ఉండేది కాదు. బదులుగా ఐదేళ్ల లెక్క తీసినప్పుడు తెచ్చిన డాలర్లు ఖర్చుపెట్టిన డాలర్ల కంటే ఎక్కువ ఉండాలి.

చట్టం దృష్టిలో సెజ్ కస్టమ్స్ సరిహద్దుకు అవతలి ప్రాంతం. గేటు బయట టీ బండి భారతదేశంలో ఉంది, గేటు లోపలి కుర్చీ సుంకాల లెక్కలో విదేశంలో ఉంది. లోపలి నుంచి ఒక మానిటర్ బయటికి తేవాలంటే అది దిగుమతి. ఉద్యోగి ల్యాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్లాలన్నా గేటు దగ్గర రాతపూర్వక అనుమతి చూపించి, రిజిస్టర్‌లో నంబరు రాయించాల్సి వచ్చేది. కరోనా వచ్చి వేల మంది ఒక్కసారిగా ఇళ్లకు వెళ్లాల్సి వచ్చినప్పుడు ఈ నిబంధన ఎంత బిగుతుగా ఉందో తెలిసింది. ఇంటి నుంచి పని చేయడానికి సెజ్ నిబంధనల్లోనే ఒక కొత్త నియమం చేర్చడానికి 2022 జూలై దాకా పట్టింది. తెలంగాణలోని ఈ మండళ్లన్నీ విశాఖపట్నం సెజ్ డెవలప్‌మెంట్ కమిషనర్ పరిధిలోకే వస్తాయి. సముద్రం లేని రాష్ట్రపు ఎగుమతిని సముద్రతీర నగరం నుంచి పర్యవేక్షించడం ఈ వ్యవస్థలో ఒక విశేషం.

2011 మార్చి 31తో ఎస్‌టీపీఐ యూనిట్ల ఆదాయపు పన్ను మినహాయింపు ముగిసింది. పెద్ద కంపెనీలు కొత్త పనిని సెజ్‌లలోకి మార్చుకున్నాయి. ముప్పై, నలభై మందితో మాదాపూర్‌లోనో అమీర్‌పేటలోనో నడిచే చిన్న కంపెనీలకు సెజ్ అద్దె భరించే శక్తి లేదు. పాత యూనిట్‌ను విడగొట్టి కొత్తదంటే చట్టం ఒప్పుకోదు. ఒకే పని చేసే ఇద్దరిలో పెద్దవాడికి పన్ను రాయితీ మిగిలి, చిన్నవాడికి పూర్తి పన్ను పడేలా చేసిన మార్పిది. సొంత ఉత్పత్తులు తయారు చేయగల చిన్న సంస్థలు బలపడాల్సిన దశాబ్దంలో ఇలా జరగడం పెద్ద నష్టమని ఈ రచయిత అభిప్రాయం.

2013లో ఐటీ సెజ్‌కు కనీస భూమి షరతు తీసేసి, హైదరాబాద్ వంటి ఏడు మహానగరాల్లో లక్ష చదరపు మీటర్ల నిర్మాణం ఉంటే చాలన్నారు. ఎత్తైన టవర్లకు అది అనువైన షరతు. నానక్‌రామ్‌గూడలో సెజ్‌గా నోటిఫై అయిన వేవ్‌రాక్‌లోనే 2016 మేలో ఆపిల్ తన మ్యాప్స్ అభివృద్ధి కేంద్రాన్ని ప్రకటించింది. 2019 ఆగస్టు 21న ఇదే ఊళ్లో అమెజాన్ తొమ్మిదిన్నర ఎకరాల్లో 15 వేల మంది పనిచేసే భవనం తెరిచింది. ఒక్క భవనంగా చూస్తే ప్రపంచంలో ఆ కంపెనీకి అదే పెద్దది.

ఈలోగా పన్ను వరం సన్నగిల్లుతూ వచ్చింది. 2011 బడ్జెట్‌లో సెజ్‌ల మీద కనీస ప్రత్యామ్నాయ పన్ను వేశారు. 2020 మార్చి 31 తర్వాత మొదలయ్యే యూనిట్లకు మినహాయింపు ఉండదని 2016 బడ్జెట్‌లో చెప్పేశారు. 2019 సెప్టెంబర్‌లో రాయితీలు వదులుకునే కంపెనీలన్నిటికీ పన్ను 22 శాతానికి తగ్గించడంతో సెజ్‌లో ఉండటమూ బయట ఉండటమూ దాదాపు ఒకటయ్యాయి. అదే ఏడు అక్టోబర్ 31న ప్రపంచ వాణిజ్య సంస్థ ప్యానెల్ ఒకటి, అమెరికా ఫిర్యాదు మీద, సెజ్‌తో సహా మన ఎగుమతి పథకాలు చాలావరకు నిషిద్ధ సబ్సిడీలేనని తేల్చింది. తలసరి ఆదాయం వరుసగా మూడేళ్లు వెయ్యి డాలర్లు దాటిన దేశానికి ఎగుమతి సబ్సిడీ ఇచ్చే వెసులుబాటు ఉండదన్నది ఆ తీర్పుకు ఆధారం. భారత్ అప్పీలు చేసింది, కానీ వినాల్సిన అప్పీలు మండలి సభ్యుల్లేక మూతపడింది. చాలామంది గమనించని విషయం ఒకటి ఇక్కడుంది. ఆ సబ్సిడీ ఒప్పందం వస్తువులకే వర్తిస్తుంది, సేవలకు కాదు. నానక్‌రామ్‌గూడ రాయితీలను జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థ తీసేయలేదు. ఢిల్లీయే తీసేసింది.

పన్ను మినహాయింపు పోయి, కరోనాతో సీట్లు ఖాళీ అయ్యాక సెజ్ భవనాల్లో అంతస్తులకు అంతస్తులు మిగిలిపోయాయి. 2023 డిసెంబర్‌లో కేంద్రం నిబంధన సడలించింది. తీసుకున్న సుంకపు రాయితీలు తిరిగి కట్టేస్తే భవనంలో కొంత భాగాన్ని సెజ్ నుంచి తప్పించి మామూలు ఆఫీసుగా అద్దెకివ్వవచ్చు. అయితే మొత్తం అంతస్తు తప్పించాలి, అరకొర కుదరదు. అంటే ఒకే లిఫ్టు ఎక్కితే ఐదో అంతస్తు స్వదేశం, ఆరో అంతస్తు విదేశం కావచ్చు. మన ఎగుమతి విధానం ఇరవై ఏళ్లలో ఎంత దూరం వచ్చిందో ఆ లిఫ్టు బటన్ల మీదే చదువుకోవచ్చు.

మనిషి వెళ్లే వ్యాపారం

సేవల వాణిజ్యంలో సరుకుతో పాటు మనిషీ కదులుతాడు. 1995లో అమల్లోకి వచ్చిన ప్రపంచ సేవల వాణిజ్య ఒప్పందం (గాట్స్) దీన్ని సేవల సరఫరాలో నాలుగో పద్ధతి అంటుంది. తెలుగు ఇళ్లలో దాని పేరు హెచ్1బీ. అమెరికా ఈ వీసాల కోటాను 2001-03లో ఏటా 1,95,000కు పెంచి, 2004లో మళ్లీ 65,000కు దించింది. ఈ రెండు అంకెల మధ్య ఎన్ని తెలుగు పెళ్లిళ్లు కుదిరాయో, ఎన్ని వాయిదా పడ్డాయో ఏ వాణిజ్య నివేదికలోనూ ఉండదు. 2008 వరకు వీసా ఇంటర్వ్యూకు చెన్నై రైలెక్కాలి. ఆ ఏడు బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ మొదలైంది. 2023 మార్చి 20 నుంచి అది నానక్‌రామ్‌గూడలో 12.2 ఎకరాల్లో, 34 కోట్ల డాలర్లతో కట్టిన భవనంలో ఉంది. ఉదయాన్నే అక్కడి ఫుట్‌పాత్ మీద ఫైలు గుండెలకు హత్తుకుని నిలబడే పిల్లలూ, దూరంగా చెట్టు కింద కూర్చునే తల్లిదండ్రులూ విదేశీ వాణిజ్యంలో భాగమే. చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చినవాళ్లు వారిలో తక్కువేం ఉండరు.

2025 దీనికి రెండో ముఖం చూపించింది. ఆగస్టు 27 నుంచి అమెరికా మన వస్తువుల్లో చాలావాటి మీద సుంకం 50 శాతానికి పెంచితే భీమవరం రొయ్య రైతు వెంటనే విలవిల్లాడాడు. సాఫ్ట్‌వేర్ మీద సుంకం పడలేదు. కానీ సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. రేవు లేని సరుకుకు అడ్డుకట్ట మనిషి దగ్గర పడింది.

అందుకే ఇటీవలి వాణిజ్య ఒప్పందాల్లో చూడాల్సింది సుంకాల పట్టికల కంటే వాటి వెనక పేజీలు. 2022 డిసెంబర్ 29న అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా ఒప్పందంతో పాటు, మన ఐటీ కంపెనీలు ఇక్కడ చేసిన పనికి అక్కడ పన్ను వేసే పాత చిక్కును ఆ దేశం తన చట్టం మార్చి తొలగించింది. 2025 జూలై 24న బ్రిటన్‌తో సంతకం చేసిన ఒప్పందంతో పాటు కుదిరిన అవగాహన ప్రకారం, అక్కడికి తాత్కాలికంగా పంపిన ఉద్యోగి మూడేళ్ల వరకు రెండు దేశాల్లోనూ సామాజిక భద్రత చందా కట్టక్కర్లేదు, స్వదేశంలో కడితే చాలు. అమెరికాతో ఇలాంటి ఒప్పందం లేదు. అక్కడ పదేళ్లు నిండకుండా తిరిగొచ్చిన తెలుగు ఇంజనీరు కట్టిన సోషల్ సెక్యూరిటీ డబ్బు అక్కడే ఉండిపోతుంది. మన ప్రభుత్వాలు ఏళ్లుగా అడుగుతున్నా ఇది తేలలేదు.

భూమి

వాణిజ్యం కేంద్రం చేతిలోది, భూమి రాష్ట్రం చేతిలోది. అందుకే రాష్ట్రాల ఎగుమతి విధానమంతా ఆఖరికి ఎకరాల్లోకి దిగుతుంది. మొదట్లో కంపెనీలను రప్పించడానికి చవకగా ఇచ్చిన నేల, తర్వాత ఖజానా నింపే వనరు అయింది. నానక్‌రామ్‌గూడ పొరుగునున్న కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100.75 కోట్ల రూపాయలు పలికింది. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్లు కొట్టడాన్ని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తనంతట తాను కలగజేసుకుని ఆపాల్సి వచ్చింది. ఎగుమతి పేరుతో గుట్టలూ చెరువులూ ఎంతవరకు ఇవ్వాలన్నది ఇక వాయిదా వేయలేని ప్రశ్న.

అంకెలు ఏం చెబుతున్నాయి

2024-25లో భారత్ సుమారు 43,700 కోట్ల డాలర్ల వస్తువులు ఎగుమతి చేస్తే, సేవల ఎగుమతి సుమారు 38,700 కోట్ల డాలర్లు. వస్తువుల్లో వచ్చే భారీ లోటును చాలావరకు పూడుస్తున్నది సేవల మిగులే. కొరియా, తైవాన్ ఫ్యాక్టరీ సరుకుతో ఎదిగాయి. ఫ్యాక్టరీ దశ పూర్తికాకుండానే సేవల మీద నిలబడిన పెద్ద దేశం మనది.

తెలంగాణ ప్రభుత్వ లెక్కల్లో ఐటీ ఎగుమతులు 2013-14లో 57,258 కోట్ల రూపాయలు. 2022-23లో 2,41,275 కోట్లు. నాలుగు రెట్లకు పైనే. ఉద్యోగులు 3,23,396 నుంచి 9,05,715కు పెరిగారు. గర్వించాల్సిన విషయమే, లక్షల కుటుంబాల బతుకు మారింది. అయితే ఆ తొమ్మిదేళ్లలో డాలరు సగటున అరవై రూపాయల చిల్లర నుంచి ఎనభై రూపాయల చిల్లరకు చేరింది. డాలర్లలోకి మార్చి చూస్తే ఎగుమతి దాదాపు 950 కోట్ల నుంచి 3,000 కోట్లకు, అంటే మూడు రెట్ల పైచిలుకు పెరిగింది. మనుషులు 2.8 రెట్లు పెరిగారు. తలకు లెక్కేస్తే ఒక్కో ఉద్యోగి మీద ఎగుమతి సుమారు 29 వేల డాలర్ల నుంచి 33 వేలకు వచ్చింది. తొమ్మిదేళ్లలో పెరుగుదల 13 శాతం. ఎక్కువ మందిమి పనిచేశాం కాబట్టి ఎక్కువ సంపాదించాం, ఒక్కొక్కరి పనికి వచ్చే ధర మాత్రం పెద్దగా పెరగలేదు.

దీనికి కారణం వ్యాపారపు అమరికలోనే ఉంది. నానక్‌రామ్‌గూడ టవర్లలో ఇప్పుడు ఎక్కువగా విస్తరిస్తున్నవి గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు, అంటే విదేశీ కంపెనీల సొంత కార్యాలయాలు. ఇవి మాతృసంస్థకు చేసిన పనికి ఖర్చుల మీద కొంత శాతం కలిపి బిల్లు వేస్తాయి. ఇక్కడి అమ్మాయి రాసిన కోడ్ వంద దేశాల్లో అమ్ముడుపోయినా, మన ఎగుమతి ఖాతాలో పడేది ఆమె జీతం, కుర్చీ అద్దె, వాటి మీద ఆ శాతం. మేధోహక్కు వేరే దేశంలో ఉంటుంది, దాని మీద వచ్చే రాబడి కూడా అక్కడే ఉంటుంది. ముప్పై ఏళ్ల మన విధానం డాలర్లు తేవడం నేర్పింది. ఆ డాలర్ల వెనక ఉన్న వస్తువు మనదయ్యేలా చూడటం నేర్పలేదు.

రాష్ట్ర ఐటీ శాఖ ఏటా ప్రధానంగా చెప్పే అంకెలు రెండు: రూపాయల్లో ఎగుమతి, ఉద్యోగుల సంఖ్య. వాటి పక్కన ఇంకో మూడు చేర్చాలి: డాలర్లలో ఎగుమతి ఎంత, ఇక్కడే రిజిస్టరైన మేధోహక్కుల మీద వచ్చిన రాబడి ఎంత, వంద మందిలోపు ఉద్యోగులున్న కంపెనీల వాటా ఎంత. సాఫ్టెక్స్ ఫారాల్లోనూ బ్యాంకు రికార్డుల్లోనూ ఈ సమాచారంలో చాలా భాగం ఇప్పటికే ఉంది. వచ్చే వార్షిక నివేదికలో దాన్ని బయటపెట్టాలి.